నీళ్లు నిండిన గొట్టం
కర్నూలు ఎండలో ఫైర్‌మన్ శిక్షణ మొదలైనప్పుడు మంటలకు భయపడతాననుకున్నాను గానీ, తొలి వారంలో నన్ను నిజంగా వణికించినది నీళ్లు నిండిన గొట్టమే. 63 మిల్లీమీటర్ల ఆ డెలివరీ హోస్‌ను ఖాళీగా ఉన్నప్పుడు చుట్టగా చుట్టి భుజాన వేసుకోవచ్చు. పంపు ఒత్తిడి పెరిగి నాజిల్ తెరుచుకోగానే అది వెనక్కి తన్నే బలాన్ని ఒక్కరు ఆపడం కష్టం కనుక, వెనుక మరొకరు భుజం ఆనించి నిలబడాలి.

కాగిన నూనె మంటపై నీళ్లు పోస్తే, అడుగుకు దిగిన నీరు ఆవిరై సుమారు 1,700 రెట్లు వ్యాకోచించి, మండుతున్న నూనెను పైకి చిమ్ముతుందనీ అక్కడే నేర్చుకున్నాను. (అమ్మకు ఫోనులో మొదట చెప్పినది ఇదే.)

ఏప్రిల్ 14న, 1944 నాటి బొంబాయి రేవు పేలుడులో అసువులు బాసిన అగ్నిమాపక సిబ్బందిని తలచుకుంటూ మౌనంగా నిలబడ్డాము. పక్కనున్న ఆదోని కుర్రవాడి అరచేతుల నిండా, నావాటిలాగే, బొబ్బలు.