గజం కట్టె, కత్తెర, నర్సీ దారి

మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ఉన్న ధర్మాబాద్ బజార్లో మా నాన్నకు దర్జీ దుకాణం ఉండేది. నాన్న పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు తమ్ముడు నడుపుతున్నాడు. కాలితో తొక్కే మిషన్ పోయి కరెంటు మిషన్ వచ్చింది, బల్ల మారింది, బోర్డు మారింది. గోడ మీది పటం మాత్రం నాన్న పెట్టిన చోటే ఉంది. తలకు పాగా, చేతిలో చిడతలు, సంత్ నామ్‌దేవ్. మేము తెలుగువాళ్లం, ఆయన మరాఠీ సంతు. అయినా పొద్దున దుకాణం తీయగానే నాన్న ముందు ఆ పటానికి దండం పెట్టి, తర్వాతే కత్తెర ముట్టుకునేవాడు. మా ఊళ్లో ఇదేం వింత కాదు. బాసరలో అక్షరాభ్యాసం, ఆషాఢంలో పండరి విఠోబా, రెండూ ఒకే ఇంట్లో నడుస్తాయి.

"నర్సీ పోవాలె కొడుకా" అని మా మేనత్త రెండేళ్లుగా అడుగుతోంది. నామ్‌దేవ్ పుట్టిన ఊరని మావాళ్లు నమ్మేది ఆ నర్సీనే. "మీ నాయిన పోతా పోతా అనుకుంటనే పాయె." అత్తకు డెబ్బై దాటాయి. పెళ్లయ్యేదాకా నాన్న పక్కన కూర్చుని కాజాలు కుట్టింది. ఆమె కుడి చేతి నడిమి వేలి కొన మీద సూది వెనక భాగం నొక్కీ నొక్కీ ఏర్పడిన కాయ ఇప్పటికీ ఉంది, ముట్టుకుంటే గట్టిగా తగులుతుంది. నేను నిజామాబాద్‌లో బడి పంతులుని. సంక్రాంతి సెలవులు దొరికాయి. ఇద్దరం బయలుదేరాం.

ధర్మాబాద్ నుంచి పొద్దుటి రైల్లో నాందేడ్ చేరాం. అత్త ముందు హుజూర్ సాహిబ్‌కు పోదామంది. నామ్‌దేవ్ దగ్గరికి పోతూ గురుద్వారా ఏమిటని ఎవరైనా అడగొచ్చు. మాకు అదే సరైన దారి. 1708లో సిక్కుల పదో గురువు గురు గోవింద్ సింగ్ తన చివరి రోజులు గడిపింది ఇక్కడే. తన తర్వాత మనిషి గురువు ఉండడనీ, గ్రంథమే గురువనీ చెప్పింది ఇక్కడే. ఆ గురు గ్రంథ్ సాహిబ్‌లో నామ్‌దేవ్ పదాలు, అంటే పాటలు, 61 ఉన్నాయి. మా పక్క జిల్లా దర్జీ ఇంటి బిడ్డ మాటలకు పంజాబ్ నుంచి వచ్చిన యాత్రికులు తల వంచి మొక్కుతున్నారు. అది చూస్తుంటే నా కళ్లు చెమర్చాయి.

నాన్న దుకాణానికి నాందేడ్ నుంచి ఒక సర్దార్జీ వచ్చేవాడు. ఆ 61 పదాల్లో ఒకదాని అర్థం ఆయనే నాకు చెప్పాడు. అప్పుడు నాకు పన్నెండేళ్లు ఉంటాయేమో. మనసు నా గజం కట్టె, నాలుక నా కత్తెర, కొలుచుకుంటూ కొలుచుకుంటూ యముడి ఉరితాడు కత్తిరిస్తున్నాను అంటాడట నామ్‌దేవ్. చివర్లో బంగారు సూది, వెండి దారం కూడా వస్తాయి. దేవుడి గురించి చెప్పడానికి ఆయన వెతుక్కుంటూ ఎక్కడికీ పోలేదు. ఇంట్లో నాన్న దామాశేటి చేతిలో ఏముందో అదే తీసుకున్నాడు. పిల్లవాడు నడక నేర్చేనాటికే గజం కట్టె ఆటవస్తువైపోయి ఉంటుంది, మాకు అయినట్టే. మా దుకాణంలో ఇనుప గజం ఒకటి ఉండేది, నేను దాన్ని గుర్రం చేసుకుని ఎక్కేవాణ్ని.

హుజూర్ సాహిబ్ లంగర్‌లో నేల మీద వరుసల్లో కూర్చుని పప్పు, రొట్టె తిన్నాం. అక్కడ గురు గోవింద్ సింగ్ చిన్నతనం గుర్తొచ్చింది. 1666లో పాట్నాలో పుట్టి తొలి బాల్యం గంగ ఒడ్డున గడిపినవాడు, తొమ్మిదేళ్లు నిండకముందే ఢిల్లీలో తండ్రి తల నరికారన్న కబురు విన్నవాడు. ఆయన పాటలో కత్తి మెరవడానికి కారణం ఆ ఏడాదేనని నాకనిపిస్తుంది. ఒకరి పాటలో కత్తెర, మరొకరి పాటలో కత్తి.

నాందేడ్ నుంచి ఔంఢా నాగనాథ్ శివాలయానికి ఎస్టీ బస్సు, అంటే మహారాష్ట్ర సర్కారు బస్సు. దారి పొడుగునా కంది చేలు, ఏరగా మిగిలిన పత్తి. అత్త కిటికీ పక్కన కూర్చుని జనాబాయి తిరగలి పాటలు సన్నగా అందుకుంది. జనాబాయిది గోదావరి ఒడ్డున గంగాఖేడ్, మా పక్కదే. చిన్నపిల్లగా ఉండగానే పండరిలో దామాశేటి ఇంటికి పనికి వచ్చింది. తనను తాను నామయ్య, అంటే నామ్‌దేవ్, దాసినని చెప్పుకుంది. విసురుతూ, దంచుతూ, నీళ్లు మోస్తూ పాడింది కాబట్టి ఆమె విఠోబా పక్కన కూర్చుని తిరగలి తిప్పుతాడు. సింహాసనం మీద కూర్చున్న దేవుడు ఆ పిల్లకు దేనికి? విసరడానికి ఇంకో చెయ్యి కావాలి.

ఔంఢాలో గర్భగుడి నేల కింద ఉంటుంది. ఇరుకు మెట్లు, లోపల ఉక్కపోత, కప్పు తలకు తగిలేంత ఎత్తులో ఉంటుంది. మోకాళ్ల నొప్పులతో అత్త ఒక్కో మెట్టు మీదా కూర్చుని, జరుగుతూ దిగింది. వద్దన్నా వినలేదు. పైకి వచ్చాక గుడి వెనక్కి పోయి కూర్చున్నాం. ఇక్కడివాళ్లు చెప్పే కథ ఇది. నామ్‌దేవ్ గుడి ముందు పాడుతుంటే పూజారులు వెనక్కి పొమ్మన్నారు. ఆయన వెనక్కి పోయి పాడితే గుడి అటు తిరిగిందట. నంది వెనకాల ఉండటానికి కారణం అదేనంటారు. గుడి తిరిగిన మాట ఆయన సొంత పదంలోనే ఉంది. అందులో నన్ను పట్టేసేది గుడి తిరగడం కాదు, అంతకుముందు వచ్చే ప్రశ్న. నవ్వుతూ ఆడుతూ నీ గుడికొచ్చాను, నన్ను పట్టి బయటికి పంపారు, నన్ను ఛీపా ఇంట ఎందుకు పుట్టించావు అని దేవుణ్ని అడుగుతాడు. ఛీపా అంటే బట్టలకు అద్దకం వేసే కులం. అడిగి, కంబళి తీసుకుని వెనక్కి పోయి కూర్చుంటాడు.

ఇది ఎప్పుడు తలుచుకున్నా నాకు గొంతు పట్టేస్తుంది. ఏడో తరగతిలో లెక్క తప్పు చేస్తే ఒక పంతులు నా పలక లాంటి అట్ట విసిరేసి, "దర్జీ కొడుకువి, పోయి కత్తెర పట్టుకో" అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ గుడి వెనక కూర్చుని అత్తకు చెప్పాను.

"మరి నువ్వేమన్నవ్?"

"ఏమనలేదు అత్తా."

అత్త కాసేపు నా వీపు నిమిరింది. "నామ్‌దేవ్ అడిగిండు గదా," అంది.

చిన్ననాటి ఇల్లు గురువులకు ఏమిచ్చింది అని మాట్లాడేవాళ్లు సాధారణంగా అమ్మ పాటలు, నాన్న పూజ, ఇంటి సంస్కారం అంటారు. నిజమే. కానీ ఆ ఇల్లు అవమానం కూడా ఇచ్చింది. గజం కట్టె ఇచ్చిన ఇల్లే గుడి వెనక చోటు కూడా ఇచ్చింది. రెండూ లేకపోతే ఆ పాట అలా రాదు.

ఔంఢాకు ఇంకో కథ ఉంది. చిన్నప్పుడు ఇంటి పూజ బాధ్యత నామ్‌దేవ్ మీద పడింది. గిన్నెలో పాలు తీసుకుపోయి, తాగు గోవిందా, తాగకపోతే ఇంట్లో నాన్న కోప్పడతాడు అని పట్టుపట్టాడు. దేవుడు తాగాడు. అలా విఠోబా తన ఇంటివాడే అనుకుంటూ పెరిగాడు. తర్వాత ఒకనాడు సంతులంతా కూర్చున్నప్పుడు గోరా కుంభార్ కుండలు పరీక్షించే చెక్కతో ఒక్కొక్కరి తల తట్టి చూసి, నామ్‌దేవ్ దగ్గర ఆగి, ఈ కుండ పచ్చిది అన్నాడు. కుమ్మరి కదా, ఆయనకు తెలిసిన పరీక్ష అదే. ఆ అవమానంతో నామ్‌దేవ్ గురువు కోసం ఔంఢా వచ్చాడు. ఇక్కడ విసోబా ఖేచర్ అనే సంతు శివలింగం మీద కాళ్లు పెట్టుకుని పడుకుని ఉన్నాడు. అదేమిటంటే, దేవుడు లేని చోటు చూపించు, కాళ్లు అక్కడ పెడతాను అన్నాడు.

హింగోలి బస్సులో అత్తతో ఒక మాటన్నాను. కోటు కుట్టేటప్పుడు నాన్న ముందు తెల్లదారంతో పొడుగు పొడుగు కచ్చా కుట్లు వేసేవాడు. దాంతో గుడ్డ జరగకుండా నిలబడేది. మిషన్ మీద పక్కా కుట్టు పడ్డాక సూది మొనతో ఆ తెల్లదారం లాగేసేవాడు. పాల గిన్నె భక్తి అలాంటి కచ్చా కుట్టేనేమో, విసోబా దాన్ని లాగేశాడేమో అన్నాను. అత్త ఒప్పుకోలేదు.

"లాగి పారేస్తడా? మీ నాయిన ఆ దారం ఉండ చుట్టి దాసేటోడు. గుండీలు కుట్టనీకి దాంతోనే ఎల్లదీసేటోడు. నామ్‌దేవ్ గూడ పాల పాట ఇడ్సిపెట్టలే, పెద్దగైనంక గూడ పాడిండు."

నిజమే. పాల గిన్నె పదం కూడా ఆ 61లోనే ఉంది.

హింగోలిలో దిగి ఆటోలో నర్సీ చేరేసరికి ఎండ వాలింది. నామ్‌దేవ్ 1270లో ఇక్కడే పుట్టాడని ఈ ప్రాంతం నమ్మకం. పండరిలో పుట్టాడనే పండితులూ ఉన్నారు. కయాధూ ఏరు గట్టున నిలబడి ఆ వాదం గురించి నేను ఎక్కువ ఆలోచించలేదు. సన్నగా నీళ్లు, రాళ్ల మీద ఆరేసిన బట్టలు. లోపల నామ్‌దేవ్ ముందు అత్త నాన్న పేరు చెప్పి, దుకాణం పేరు చెప్పి, తమ్ముడి పిల్లల పేర్లు వరసగా చెప్పి మొక్కింది. పేర్లన్నీ అయ్యేదాకా చేతులు దించలేదు.

బయట అరుగు మీద ఒక ముసలి వార్కరీ, పండరికి నడిచిపోయే విఠోబా భక్తుడు, తన జోలె సరిచేసుకుంటున్నాడు. భుజానికి తగిలించుకునే పట్టీ ఒకవైపు తెగి వేలాడుతోంది. ముడి వేస్తే ఊడిపోతోంది. అత్త చూసింది. "ఇటు తే బాబా" అని మరాఠీలో అడిగి తీసుకుంది. పుస్తెలతాడుకు పిన్నీసుతో పాటు ఎప్పుడూ ఒక సూది ఉంటుంది ఆమెకు. చేతిసంచిలోంచి చిన్న తెల్లదారం ఉండ తీసింది. అక్కడక్కడా ముడులు, కాస్త మాసిన దారం. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కళ్లు కనిపించక సూది నాకిచ్చింది. దారం కొన నోట్లో తడిపి ఎక్కించాను. అత్త పట్టీని మడిచి పట్టుకుని, దగ్గర దగ్గరగా కుట్లు వేసుకుంటూ పోయింది. చివర ముడి వేసి, రెండుసార్లు గట్టిగా లాగి చూసి, దారం పళ్లతో కొరికింది.