సినిమా సైకిల్ చరిత్ర: ఆ మచ్చ సొట్ట కాదు

ఒక పాత సినిమాలో హీరో తొక్కిన సైకిల్ ఇదేనని చెప్పి అమ్మిన బండి నా దగ్గరుంది, అది నిజమో కాదో తేల్చాలని చూస్తున్నాను. ఆ మూడు వారాల పని నిన్న రాత్రి నీరుగారిపోయింది. సినిమాలో పై గొట్టం మీద కనిపించే నల్లమచ్చ నా సైకిల్ మీదున్న సొట్టేనని ఇన్నాళ్ళూ నమ్ముతూ వచ్చాను. అది సొట్ట కాదు, నీడ. ఇంకా కడుపు మండుతూనే ఉంది. లెక్కలు మర్చిపోకముందే అన్నీ రాసిపెడుతున్నాను.

ముందు కుదిరిన సంగతులు. చైన్‌చక్రంలో మూడు కొంగ తలలున్నాయి, బాటమ్ బ్రాకెట్ (పెడల్ ఇరుసు కూర్చునే గొట్టం) మర అంగుళానికి 26 చుట్లు, రెండూ ఇంగ్లండు కంపెనీ ర్యాలీ గుర్తులే, కాబట్టి బండి ర్యాలీయే. వెనక హబ్బు, అంటే చక్రం నడిమి భాగం, స్టర్మీ ఆర్చర్ కంపెనీ మూడు గేర్ల ఏడబ్ల్యూ రకం, దాని మీద తయారీ ఏడాది 52 అని గుద్ది ఉంది. సినిమా 1954లో వచ్చింది గనక కాలానికి అడ్డు లేదు. అయితే హబ్బు చెప్పేది తన వయసే, ఫ్రేము వయసు కాదు. చక్రం మార్చడం ఎంతసేపు? ఫ్రేము నంబరు సుద్దపొడి రుద్దితే చక్కగా తేలింది. నంబరు చూసి ఏడాది చెప్పేస్తామనే వాళ్ళను మాత్రం నేను నమ్మను.

ఇక మిగిలింది అసలు ప్రశ్న. హీరో తొక్కిన సైకిల్ ఇదే అన్నది అమ్మినాయన నోటిమాటే, కాగితం ముక్క లేదు. అలాంటప్పుడు బండి మీది గుర్తును సినిమాలోని గుర్తుతో కలపడం తప్ప దారి లేదు. నా సైకిల్‌కు పై గొట్టం ఎడమ పక్కన, ముందు లగ్గు (గొట్టాలను కలిపే లోహపు తొడుగు) అంచు నుంచి సరిగ్గా 168 మి.మీ. దూరంలో ఒక సొట్ట ఉంది. అడ్డం 11 మి.మీ., లోతు మిల్లీమీటరు పైచిలుకు. బొటనవేలి గోరు అందులో సరిగ్గా కూర్చుంటుంది. చుట్టూ నల్లరంగు సాలెగూడులా పగిలింది, పగుళ్ళలో తుప్పు కూడా పాతదే. తర్వాత ఎవరూ రంగు వేయలేదు. అందుకే ఈ బండికి రంగు ఊడదీసే మందు తగలనివ్వను. ఆ మందు పూస్తే చరిత్రంతా గుడ్డకు అంటుకుపోతుంది.

సైకిల్ తొక్కే షాట్లు కొలతకు పనికిరావు. సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కో ఫ్రేముకు వెలుగు తగిలేది సుమారు 48వ వంతు సెకను. గంటకు 12 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిల్ ఆ కాస్త సమయంలోనే దాదాపు 69 మి.మీ. జరిగిపోతుంది. 11 మి.మీ. సొట్ట అందులో ఎక్కడ కనబడుతుంది? గోడకు ఆనించిన షాటు ఒక్కటే దిక్కు, మొత్తం 51 ఫ్రేములు.

కొలతకు పై గొట్టాన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, బొమ్మ అడ్డంగా సాగినా నిలువుగా సాగినా ఒకే గీత మీది నిష్పత్తి మారదు. లగ్గు నుంచి లగ్గుకు గొట్టం అసలు పొడవు 560 మి.మీ., ఫ్రేములో 171 పిక్సెళ్ళు. అంటే పిక్సెల్‌కు 3.27 మి.మీ. సొట్ట 30 శాతం దగ్గర, అంటే 51వ పిక్సెల్ దగ్గర పడాలి. మచ్చను ఐదు వేర్వేరు ఫ్రేముల్లో కొలిచాను: 57, 59, 60, 59, 58. సగటు 58.6. ఏడు పిక్సెళ్ళు పైనే తేడా! లగ్గు అంచు మసగ్గా ఉంది, నిజమే. కానీ దాని వల్ల రెండు పిక్సెళ్ళకు మించి తప్పు రాదు.

సైకిల్ ముందు భాగం కెమెరాకు దగ్గరగా ఉండి ఉంటుందనుకున్నాను. దగ్గరున్న సగం సాగినట్టు కనబడుతుంది కాబట్టి మచ్చ వెనక్కి జరుగుతుంది. అది తేల్చడానికి చక్రాలు కొలిచాను. టైరు పైభాగాన్ని మడ్‌గార్డు కప్పేస్తుంది, అడుగు నేల మీద నొక్కుకుపోతుంది, అందుకని రిమ్మునే నిలువుగా కొలిచాను: ముందుది 197 పిక్సెళ్ళు, వెనకది 189. దీంతో సొట్ట కనబడాల్సిన చోటు 51 నుంచి 52 దాకా జరుగుతుంది, అంతే. 58 దాకా పోవాలంటే ముందు చక్రం వెనకదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు కనబడాలి. ఇంకా ఆరున్నర పిక్సెళ్ళు, అంటే 21 మి.మీ., లెక్కకు అందలేదు.

షూటింగులో ఒకేలాంటి సైకిళ్ళు రెండు వాడారేమోనని అనుమానం. గొట్టం కొలత తప్పేమోనని టేపు తీసేసి స్టీలు స్కేలుతో మళ్ళీ కొలిచాను. అదే 560. బొమ్మకు పదును పెంచే సాఫ్ట్‌వేర్లు రెండు ప్రయత్నించాను. ఒకటి మచ్చను గుండ్రంగా చేసింది, ఇంకోటి పక్కనే లేని గీతను పుట్టించింది. ఈ పనికి వాటిని దగ్గరకు రానివ్వకండి. ఉన్నది చూపించాలి గానీ ఊహించి గీసేది సాక్ష్యం ఎలా అవుతుంది?

నిన్న రాత్రి అదే గోడ దగ్గరి తర్వాతి షాటు ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూశాను. ఒక పిల్లవాడు వచ్చి హ్యాండిల్ తిప్పుతాడు. సైకిల్ కదల్లేదు, గొట్టం కదల్లేదు, మచ్చ మాత్రం 59 నుంచి 66కు జరిగింది. హ్యాండిల్ పిడి కొస నీడ అది! వెనక్కి వంగిన హ్యాండిల్ కదా, పిడి సరిగ్గా ఆ చోటికే వస్తుంది. హ్యాండిల్ తిరిగాక 52 దగ్గర గొట్టం ఖాళీగా కనిపించింది. గుండె జారిపోయింది.

కానీ పొద్దున్న ఒక ఆలోచన వచ్చింది. 11 మి.మీ. సొట్ట ఆ సినిమాలో మూడున్నర పిక్సెళ్ళు కూడా ఉండదు. ఎండ సొట్ట మీద నేరుగా పడుతుంటే దానికి నీడే పడకపోవచ్చు. కాబట్టి ఈ ఆదివారం నా సైకిల్‌ను గోడకు ఆనించి, అదే కోణంలో, నీడలు అంతే పొడవున్న వేళ ఫొటో తీస్తాను. దాన్ని గొట్టం 171 పిక్సెళ్ళు అయ్యేదాకా కుదించి చూస్తాను. అందులోనూ సొట్ట మాయమైతే, సినిమాలో లేకపోవడానికి అర్థమేమీ లేదు. కనబడితే మాత్రం రెండే దారులు: సొట్ట షూటింగు తర్వాత పడిందనుకోవాలి, లేదా ఇది ఆ సైకిల్ కాదనుకోవాలి.

ఈలోగా వెనక మడ్‌గార్డు మీది బంగారు గీతను కూడా చూస్తున్నాను. అది చేత్తో గీసినట్టుంది, స్టే (మడ్‌గార్డును పట్టి ఉంచే కడ్డీ) దగ్గర కాస్త వణికింది, అక్కడ గీత రెండింతలు లావైంది. ఆ వణుకు ఇంకో బండికి అచ్చం అలాగే ఉండదు. సినిమాలో మడ్‌గార్డు దగ్గరగా కనిపించే షాటు ఒకటుంది, అందులో సైకిల్ నిలబడే ఉంది. డీవీడీలో బొమ్మ అడ్డగీతలుగా, దువ్వెన పళ్ళలా విడిపోతోంది గనక ముందు అంతకన్నా మంచి ప్రతి దొరుకుతుందేమో వెతకాలి.