160 పేజీల కోర్స్ ఫైల్‌లో లేని ఒక్క లైను

నిన్ననే ఈ సెమిస్టర్ కోర్స్ ఫైల్ మీద, అంటే ఒక సబ్జెక్టు ఎలా చెబుతామో చూపే కాగితాల కట్ట మీద, మా హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) గారి సంతకం పడింది. ఒళ్లుమంట ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో డేటా స్ట్రక్చర్స్ చెబుతాను. తొమ్మిదేళ్ల సర్వీసు.

సిలబస్ కాపీ, టైమ్‌టేబుల్, లెసన్ ప్లాన్, పాత ప్రశ్నపత్రాలు ఒక్క పూటలో అయిపోయాయి. కోర్స్ ఔట్‌కమ్స్‌కి, అంటే కోర్సు అయ్యాక పిల్లలు ఏం చేయగలగాలో రాసే వాక్యాలకి, మాత్రం రెండు రోజులు పట్టింది. ‘అండర్‌స్టాండ్’ అని రాస్తే, అది కొలవలేని మాట అని ఫైళ్లు చూసే కోఆర్డినేటర్ గారు కొట్టేశారు. ఈ వాక్యాలకి అందరూ ప్రమాణంగా చూపే బ్లూమ్స్ టాక్సానమీ (నేర్చుకోవడంలో స్థాయిల వర్గీకరణ) ఆరు మెట్లలో రెండో మెట్టు పేరే అండర్‌స్టాండ్! ఆ సంగతి కోఆర్డినేటర్ గారితో అనకండి, ‘ఎక్స్‌ప్లెయిన్’ అని మార్చి ఊరుకోండి. ఇంజనీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ, మొత్తం డిగ్రీకి ఉండే ప్రోగ్రామ్ ఔట్‌కమ్స్‌ని 12 నుంచి 11కి తగ్గించింది కాబట్టి, మన కోర్స్ ఔట్‌కమ్స్‌ని వాటితో జతచేసే మ్యాపింగ్ పట్టిక మళ్లీ మొదటికొచ్చింది. ఆ గళ్లలో సంబంధం ఎంత గట్టిదో చెప్పే 3, 2, 1 ఎలా పడతాయో వేసేవాళ్లకు తెలుసు, నాచేత చెప్పించకండి.

అసలు దెబ్బ పోయిన సెమిస్టర్‌లో తగిలింది. మాకు ఇంటర్నల్స్ 40, ఎక్స్‌టర్నల్ 60. ఆ 40లో 5 మార్కులు వైవాకో పీపీటీకో (స్లైడ్లు చూపిస్తూ క్లాసు ముందు చెప్పడం) పోస్టర్‌కో వేయాలి. నేను పీపీటీ పెట్టాను. ఒకబ్బాయి తన రోజున రాలేదు, వారం తర్వాత వచ్చి చెప్పాడు. ఆలస్యానికి 3 కోసి 2 వేశాను. జ్వరం వచ్చిందట, అదీ నేను అడగలేదు.

మార్కులు నోటీసు బోర్డులో పెట్టిన మర్నాడు వాళ్ల నాన్న మిర్యాలగూడ నుంచి వచ్చారు. కేకలేస్తారని సిద్ధపడి కూర్చున్నాను. ఆయన చేతిసంచి కింద పెట్టి, “లేటైతే కోస్తమని ముందుగాల చెప్పిండ్రా మేడం? యాడన్న రాసుంటే చూపియ్యుండ్రి, మావోణ్ని నేనే తిడత” అన్నారు.

హెచ్‌ఓడీ గారు ఫైల్ తెప్పించారు. 160 పేజీలు, మధ్యమధ్య రంగు అట్టలు. తిప్పుతున్నాను. కాలేజీ విజన్, డిపార్ట్‌మెంట్ విజన్, మిషన్, మ్యాపింగ్, లెసన్ ప్లాన్. ఫ్యాన్ గాలికి పేజీలు వెనక్కి పడుతుంటే మళ్లీ తిప్పుతున్నాను. ఆ పిల్లాడు తలుపు దగ్గర నేల చూస్తూ నిలబడ్డాడు. “క్లాసులో చెప్పాను సార్” అన్నాను. “ఏ రోజు?” అన్నారు హెచ్‌ఓడీ గారు. గుర్తు లేదు. అక్కడే, వాళ్ల నాన్న చూస్తుండగా, 2 కొట్టేసి 5 చేసి సంతకం పెట్టాను. పిల్లల్ని ‘నోట్స్‌లో రాసుకోండి’ అని తొమ్మిదేళ్లుగా వాయిస్తున్న మనిషిని, నేను ఒక్క లైను రాయలేదు.

అందుకే ఈసారి మొదటి క్లాసులోనే ఒక కాగితం పంచాను, రెండు వైపులా ప్రింటు. పీపీటీ 5 మార్కుల్లో విషయానికి 2, చెప్పే తీరుకు 1, ప్రశ్నలకు జవాబులకు 2. లేటైతే రోజుకు అర మార్కు కోత. జ్వరమైతే డాక్టర్ చీటీ తెస్తే కోత లేదు. మొదటి మిడ్ పరీక్షకి సిలబస్‌లో రెండున్నర యూనిట్లు. అసైన్‌మెంట్‌లో చాట్‌జీపీటీ వాడితే ఎక్కడ వాడారో రాయాలి. నేను ఏ పీరియడ్ ఖాళీగా ఉంటానో కూడా రాశాను. పుస్తకం ఒక్కటే, అధ్యాయాల నంబర్లతో సహా. ఎవరూ తెరవని ఏడు రెఫరెన్స్ పుస్తకాల జాబితా ఫైల్‌లో ఉంది, తనిఖీకొచ్చే కమిటీ వాళ్లు చూసుకుంటారు.

కోఆర్డినేటర్ గారు “ఇది ప్రొఫార్మాలో లేదు కదమ్మా” అన్నారు. చివరి అట్ట వెనక పెట్టేశాను. పక్క సెక్షన్ల మేడమ్‌లు ఇద్దరు ఇప్పటికే జిరాక్స్ తీసుకెళ్లారు, చెప్పుకోవాలిగా.

కాగితం పంచిన పది నిమిషాలకే వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి, “మేడమ్, మా ఊళ్లో ఆర్‌ఎంపీయే ఉంటాడు. ఆయన చీటీ చెల్లుతుందా?” అంది. అది రాయలేదు. చెల్లుతుందని చెప్పి, అందరిచేతా పెన్నుతో కింద రాయించాను.