గునుగుకు యాభై రూపాయలా!

ఈరోజు అమ్మ కోపంతో మొదలైంది. రాత్రి ఆఫీసు నుంచి వస్తూ ఉప్పల్‌లో రోడ్డు పక్కన బతుకమ్మకని గునుగు పూల కట్ట ఒకటి యాభై పెట్టి కొన్నాను, కొన్నదాన్ని ఊరుకోకుండా రేటు కూడా చెప్పేశాను. "గునుగు కొంటరా బిడ్డా ఎవరన్నా? చేన్ల కలుపది!" అని టీ తాగేదాకా అంటూనే ఉంది.

అమ్మ బాధ నిజమే. జనగామ వైపు మా ఊళ్లో జొన్న చేలో, పత్తి చేలో వద్దన్నా మొలిచేది గునుగు, కూలి ఇచ్చి మరీ పీకించేవాళ్లం. తంగేడైతే బీడుల్లో, బాటల పక్కన ఎవరూ నీళ్లు పోయకపోయినా పసుపు పచ్చగా పూస్తుంది. ఏడాదంతా ఎవరికీ పట్టని ఈ రెండూ భాద్రపద అమావాస్య వచ్చేసరికి తాంబాళంలోకి ఎక్కి కూర్చుంటాయి. మిగతా పూజల్లో దేవుడికి పూలు పెడతాం, ఇక్కడ పూలే దేవత. చిన్నప్పటి నుంచి చూస్తున్నా నాకిది తట్టింది మాత్రం ఇవాళే, చేతులకు గులాబీ రంగు అంటుకుని, వంటగట్టు మీద రంగు డబ్బా ఒలికిపోయి, పదకొండు గంటల మీటింగ్ సంగతి మర్చిపోయి కూర్చున్నప్పుడు.

అంతకుముందు గుడికి వెళ్లొచ్చాం. పెత్రమాస, పోయిన పెద్దలను తలుచుకునే అమావాస్య కదా, నాన్న పేరు మీద అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చాం. నాన్నకు ఇష్టమని అమ్మ చిక్కుడుకాయలు వెతికించి మరీ పెట్టించింది. పొద్దున పోయినవాళ్లను తలుచుకోవడం, సాయంత్రం 'బతుకు' పేరున్న అమ్మను పేర్చడం, రెండూ ఒకే రోజు ఎందుకు పడ్డాయో అమ్మను అడిగితే "అమాస కదా" అంది, అంతే. అమ్మ ఎప్పుడూ ఇంతే, సగం జవాబు చెప్పి కూరగాయలు తరుగుతుంది. కానీ ఆ మాట మనసులో తిరుగుతూనే ఉంది. ఇవాళ ఆకాశంలో చంద్రుడు లేడు, అష్టమి నాడు, చివరి రోజు సద్దుల బతుకమ్మ ఆడేసరికి సగం చంద్రుడు నెత్తి మీద ఉంటాడు. అంటే రోజూ కొంచెం కొంచెం వెలుగు పెరుగుతుంటే దాని కింద ఆడతామన్నమాట. ఇన్నేళ్లు ఆడాను గానీ ఒక్కసారి తలెత్తి చూడలేదు.

మొదటి రోజు ఎంగిలి పూల బతుకమ్మ కదా, చిన్నగానే పేర్చాం. అడుగున గుమ్మడి ఆకులు, వాటి మీద తంగేడు ఒక వరస, రంగు వేసిన గునుగు ఒక వరస, బంతి, మళ్లీ గునుగు, పైన గుమ్మడి పువ్వులో పసుపు గౌరమ్మ. రాత్రి నీళ్లలో పెట్టినా తంగేడు మధ్యాహ్నానికే డీలా పడింది. గునుగు మాత్రం ఎండినా అలాగే నిలబడుతుంది, మొండిది.

సాయంత్రం సన్నగా వాన. గుడి ముందు ఇరవై మంది దాకా ఉన్నాం, సగం మంది ఫోన్లు పట్టుకుని వీడియోలు తీసుకునేవాళ్లే. డీజే పెట్టబోతే ఒక పెద్దమ్మ వద్దని గట్టిగా కసిరింది, ఆవిడకు నా ఓటు. అందరం చప్పట్లు కొడుతూ ఉయ్యాలో అంటుంటే కాసేపు ఫోన్లు కూడా లోపలికి వెళ్లిపోయాయి. అమ్మ గొంతు నాన్న పోయాక మూడేళ్లకు ఇవాళే పైకి లేచింది. నేను అటు చూడలేదు, చూస్తే ఆపేస్తుందని.

మా వెనక చెరువు నిండా గుర్రపుడెక్కే, నీళ్లు కనబడవు. అందుకని నీళ్ల తొట్టిలోనే వదిలాం. "తొట్టిల ఏంది బిడ్డా" అని గొణుగుతూనే అమ్మ మొక్కింది.

ఇంటికొచ్చాక చూస్తే బాల్కనీలో కూర్చుని ఉంది. రంగు వేయకుండా మిగిలిన గునుగులో అడుగున ముదిరిన కంకులు ఏరి అరచేతిలో నలుపుతోంది. చిన్న చిన్న నల్లటి గింజలు, ఆవాల కంటే సన్నం, లైటు కింద మెరుస్తున్నాయి. తులసి పక్కన ఖాళీ కుండీలో చల్లి, చేతులు దులుపుకుంటూ "వచ్చే ఏడు కొనకు" అంది.