జీడిపప్పు పూతతో చేప ఫిల్లెట్: పూత ఊడకుండా, మాడకుండా

గింజల పూత వేసి కాల్చిన చేపలో మామూలుగా కనిపించే తప్పులు రెండు. పూత అట్టలా ఊడి ట్రేలో మిగిలిపోతుంది. లేదంటే పైన నల్లబడి, లోపల చేప ఇంకా పచ్చిగానే ఉంటుంది. మొదటిదానికి కారణం తడి. రెండోదానికి కారణం మంట. చేపలో దాదాపు ముప్పాతిక వంతు నీరే కాబట్టి ముక్క నిదానంగా వేడెక్కుతుంది. జీడిపప్పులో నీరు నామమాత్రం, నూనె 40 శాతం పైనే, దానికి తోడు కాస్త తీపి. బాగా కాలిన పెనం మీద పడితే రెండు మూడు నిమిషాల్లోనే ఎర్రబడి, ఆ వెంటనే చేదెక్కుతుంది. చేప ఉడకడం, గింజ వేగడం ఒకే సమయానికి పూర్తయ్యేలా చూసుకోవడమే ఇందులో అసలు పని. మసాలా మీ ఇష్టం.

ముందు చేప సంగతి. కూరకి బాగుండే చేపలన్నీ దీనికి పనికిరావు. బొచ్చె, శీలావతి (తెలంగాణలో రవ్వ అంటారు) రుచికి వంక పెట్టలేం గానీ, కండలో వెంట్రుకల్లా చీలిన సన్న ముళ్లుంటాయి. పూత కింద అవి కనబడవు, పంటికిందే తెలుస్తాయి. వంజరం మంచి చేపే అయినా ఓవెన్ వేడికి త్వరగా పొడిబారుతుంది, దాన్ని వేపుడికి వదిలేయడమే మేలు. నా ఓటు పండుగప్పకి. కండ తెల్లగా, మందంగా ఉంటుంది, కొద్దిగా కొవ్వుంటుంది, ఒక నిమిషం ఎక్కువ కాలినా క్షమిస్తుంది. కొరమేను కూడా బాగుంటుంది. నడిముల్లు తీయించేస్తే ఇబ్బంది పెట్టే ముళ్లు పెద్దగా మిగలవు, కండ గట్టిగా ఉంటుంది. రెండూ దొరక్కపోతే బాసా. చవక, ముల్లు ఉండదు, కాకపోతే నీరు ఎక్కువ, రుచి తక్కువ.

చేపల మార్కెట్లో 'బోన్‌లెస్' అని మాత్రమే అంటే చాలాచోట్ల టిక్కా ముక్కలు కొట్టి ఇచ్చేస్తారు. నడిముల్లుకి రెండువైపులా పొడవుగా కండ తీసి, చర్మం ఒలిచి, ముక్కలు చేయకుండా ఇమ్మని విడమరచి చెప్పాలి. తల, ముల్లు, చర్మం, పొట్టభాగం పోగా చేప బరువులో సగం కన్నా తక్కువే చేతికొస్తుంది, దానికి తగ్గట్టు కొనండి. తల, ముల్లు వదిలేయకండి, పులుసుకి పనికొస్తాయి. ఇంటికొచ్చాక కండ మీద తలవైపు నుంచి మధ్యదాకా వేలితో తడిమి చూస్తే వరుసగా ముల్లు మొనలు తగులుతాయి. ట్వీజర్‌తో పట్టుకుని తలవైపుకి వాలుగా లాగాలి. నిలువుగా లాగితే కండ చిరుగుతుంది.

నలుగురికి సరిపడా లెక్క ఇది. ఒక్కోటి సుమారు 150 గ్రాములుండే నాలుగు ముక్కలు, 2 సెంటీమీటర్ల మందంలో. ఉప్పు ఒక టీస్పూన్. జీడిపప్పు 60 గ్రాములు, వేరుశనగ గుళ్లు 30 గ్రాములు, బ్రెడ్ పొడి 20 గ్రాములు. ఎండుమిర్చి పలుకులు అర టీస్పూన్, కచ్చాపచ్చాగా దంచిన ధనియాలు ఒక టీస్పూన్, మిరియాల పొడి అర టీస్పూన్, పది పన్నెండు కరివేపాకు ఆకులు, ఒక నిమ్మకాయ పైతొక్క తురుము. పూత అంటుకోవడానికి ఒక గుడ్డు తెల్లసొన, అర టీస్పూన్ ఆవపిండి, రెండు టేబుల్‌స్పూన్ల బియ్యప్పిండి. వేరుశనగ నూనె ఒక టేబుల్‌స్పూన్.

జీడిపప్పు నిండు గుండ్లే కావాలని లేదు. ఎలాగూ పొడి చేసేదే, పలాస అయినా వేటపాలెం అయినా ముక్క పప్పు తీసుకుంటే డబ్బు మిగులుతుంది. కానీ కొనేముందు ఒకటి నోట్లో వేసుకుని చూడండి. పాతబడ్డ పప్పులో నూనె ముక్కిపోతుంది, వేడి తగిలాక ఆ వాసన రెట్టింపవుతుంది, ఏ మసాలా దాన్ని కప్పలేదు. జీడిపప్పుని పచ్చిదే వాడాలి, ముందే వేయిస్తే ఓవెన్‌లో మాడుతుంది. పల్లీలు మాత్రం అలా కాదు, పది పన్నెండు నిమిషాల్లో వాటి పచ్చివాసన పోదు. సన్నమంట మీద పొట్టు ఊడేంతవరకే వేయించి, రంగు రాకముందే దించి, చల్లారాక పొట్టు ఊదేయాలి. కరివేపాకు ఆకుల్ని నూనె వేయని మూకుట్లో గలగలలాడేదాకా వేడిచేసి చేత్తో నలపండి. పచ్చి ఆకు వేస్తే దాని తడి పూతని మెత్తబరుస్తుంది.

బాదం వాడేవాళ్లు నానబెట్టి పొట్టు తీసినవైతే గుడ్డ మీద పూర్తిగా ఆరబెట్టాలి. పిస్తా అయితే ఉప్పు వేసినవా కాదా చూసుకుని చేప ఉప్పు తగ్గించాలి. అక్రోట్ వద్దనే అంటాను: నూనె మరీ ఎక్కువ, పైపొర చేదు, అన్నిటికన్నా ముందు మాడేది అదే. ఎండుకొబ్బరిదీ అదే కథ.

పొడి చేయడంలో చాలామంది దెబ్బతింటారు. మిక్సీ జారులో తేమ చుక్క ఉండకూడదు. గింజల్ని అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, బ్రెడ్ పొడి కూడా కలిపేసి, పల్స్ మీద ఒక్కో సెకను చొప్పున ఆపి ఆపి తిప్పాలి. ఏకబిగిన తిప్పితే బ్లేడు వేడికి నూనె వదిలి ముద్దవుతుంది, ఇక అది పచ్చడికే. బ్రెడ్ పొడి ఆ నూనెని పీల్చుకుని పలుకులు విడివిడిగా ఉండేలా చూస్తుంది. దీనికోసం బేకరీ రస్కులు నలిపి వేయకండి, వాటిలో పంచదార ఉంటుంది, తొందరగా నల్లబడుతుంది. మామూలు బ్రెడ్ ముక్కల్ని ఆరబెట్టి పొడి చేసుకోండి. పలుకు ఇడ్లీ రవ్వంత ఉండాలి. మరీ మెత్తగా ఉంటే పిండిలా పేరుకుని కరకర రాదు. మరీ పెద్ద పలుకులుంటే చేపకి అంటక రాలిపోతాయి, పైకి పొడుచుకొచ్చిన మొనలు ముందే మాడతాయి. జారులోంచి గిన్నెలోకి తీశాక మసాలాలు, నిమ్మతొక్క, నూనె వేసి వేళ్లతో కలపండి. ఈ నూనె వల్ల పూతంతా ఒకే రంగుకి వస్తుంది. పొడిపొడిగా వదిలేస్తే కొన్నిచోట్ల తెల్లగా, కొన్నిచోట్ల నల్లగా తయారవుతుంది.

ఇప్పుడు తడి సంగతి. ముక్కలకి ఉప్పు రాసి ఇరవై నిమిషాలు వదిలేస్తే పైన నీరు ఊరుతుంది. దాన్ని కిచెన్ టవల్‌తో అద్ది తీసేయాలి. ఒకసారి అద్దితే చాలదు. మళ్లీ అద్దినప్పుడు కాగితం పొడిగా రావాలి. మనకి చేప అనగానే పసుపు, నిమ్మరసం, అల్లంవెల్లుల్లి ముద్ద పట్టించి గంట నానబెట్టడం అలవాటు. పులుసుకీ వేపుడికీ అది సరే. ఇక్కడ మాత్రం నిమ్మరసం పులుపుకి కండ పైపొర ముందే తెల్లబడి మెత్తబడుతుంది, నీరు వదులుతుంది. వెల్లుల్లి ముద్ద పూత కింద జారుడు పొరలా పనిచేస్తుంది, అంచుల్లో మాడి చేదు కూడా. నీచు వాసన గురించి బెంగ ఉంటే కడిగేటప్పుడే కల్లుప్పుతో రుద్ది శుభ్రంగా కడిగేయండి, నిమ్మరసం తినేముందు పిండుకోండి.

గడ్డకట్టిన బాసా వాడేటట్లయితే ముందురోజు రాత్రే ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్ కింది అరలోకి మార్చాలి. చిల్లుల గిన్నెలో పెట్టి కింద ఒక పళ్లెం ఉంచితే కరిగిన నీటిలో నానకుండా ఉంటుంది. వేడినీళ్లలో పెట్టి కరిగిస్తే అంచులు ఉడికిపోతాయి, మధ్యలో మంచు అలాగే ఉంటుంది. ఆ మంచు ఓవెన్‌లో ఆవిరై పూతని కిందనుంచి పైకి నెడుతుంది. ఊడిన పూతలు చాలామటుకు ఇలా ఊడినవే.

తోక వైపు ముక్క సన్నగా ఉంటుంది కాబట్టి దాని చివర కిందకి మడిచి మందం సమానం చేయండి. ముక్క పైవైపు మాత్రమే బియ్యప్పిండి పలచగా చల్లి, ఎక్కువైంది దులిపేయాలి. తెల్లసొనలో ఆవపిండి వేసి ఫోర్కుతో నురుగు రానంతగా కలిపి, బ్రష్‌తో ఆ పిండి మీద రాయండి. పిండి మిగిలిన తడిని పట్టేస్తుంది, తెల్లసొన వేడికి గట్టిపడి పూతని చేపకి అతికిస్తుంది. ఒక్కో ముక్కకి సుమారు మూడు టేబుల్‌స్పూన్ల గింజల పొడి వేసి అరచేత్తో అదమండి. పూత మందం 3, 4 మిల్లీమీటర్లు దాటితే తన బరువుకే పగులుతుంది. గుడ్డు తిననివాళ్లు ఇంట్లో ఉంటే గంటసేపు గుడ్డలో కట్టి వేలాడదీసిన పెరుగు రెండు టేబుల్‌స్పూన్లు వాడొచ్చు. పట్టు కొంచెం తక్కువే, కానీ పులుపు బాగుంటుంది.

రెండువైపులా ఎందుకు పూయకూడదంటే, కింద పూసిన పూత ముక్క వదిలే నీటిలో నాని ముద్దవుతుంది. ఎంత గింజ వేసినా అటువైపు కరకర రాదు.

పూత వేసిన ముక్కల్ని మూత పెట్టకుండా పావుగంట ఫ్రిజ్‌లో ఉంచండి. తెల్లసొనని పలుకులు పీల్చుకుని బిగుస్తాయి. ఈలోపు ఓవెన్ 200 డిగ్రీలకి వేడెక్కాలి. ఓటీజీలో పై రాడ్డు, కింది రాడ్డు రెండూ వేసి, ట్రే మధ్య అరలో పెట్టాలి. పై అరలో పెడితే రాడ్డు వేడి నేరుగా తగిలి జీడిపప్పు ఐదు నిమిషాల్లోనే ముదురు రంగుకొస్తుంది. ఫ్యాన్ ఉండే కన్వెక్షన్ మైక్రోవేవ్ అయితే 185 చాలు. ట్రే మీద తీగల జాలీ పెట్టి, దానికి నూనె రాసి, దాని మీద ముక్కలు పెడితే అడుగు చెమ్మగిల్లదు. జాలీ లేకపోతే బేకింగ్ పేపర్ పరవండి. బటర్ పేపర్ పేరుతో అమ్మే వాటిలో కొన్ని వేడికి పనికిరానివి ఉంటాయి, ప్యాకెట్ మీద ఓవెన్‌కి పనికొస్తుందని రాసి ఉందో లేదో చదవండి.

2 సెంటీమీటర్ల ముక్కకి పది నుంచి పన్నెండు నిమిషాలు, సన్నటి బాసాకి ఏడెనిమిది. ఎనిమిదో నిమిషంలో ఒకసారి తొంగి చూడండి. రంగు ముందే వచ్చేస్తే పైన అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పండి, బిగించి కప్పితే ఆవిరికి పూత మెత్తబడుతుంది. థర్మామీటర్ ఉంటే మధ్యలో గుచ్చి చూడాలి, 63 డిగ్రీలు చేరితే ఉడికినట్టే. లేకపోతే మందంగా ఉన్నచోట పక్కనుంచి ఫోర్కు గుచ్చి కొద్దిగా తిప్పండి. కండ తెల్లబడి రేకులుగా విడిపోవాలి, అద్దంలా మెరిసే పచ్చి భాగం ఉండకూడదు. ముక్క పక్కల నుంచి తెల్లటి పెరుగులాంటిది బాగా కారుతోందంటే సమయం దాటిపోయింది. తీశాక మూడు నిమిషాలు ఆగి, అట్లకాడ అడుగుదాకా పోనిచ్చి లేపండి.

ఓవెన్ లేనివాళ్లకి పెనం దారి ఉంది, కాకపోతే ఒకటిన్నర సెంటీమీటరు మించని ముక్కలకే. మందపాటి పెనంలో రెండు మూడు టేబుల్‌స్పూన్ల నూనె వేసి, మధ్యస్థం కన్నా తక్కువ మంట మీద పూతవైపు కిందకి ఉంచి రెండు నిమిషాలు కదపకుండా వదిలేయాలి. ఒకేసారి తిప్పి, మిగతా నాలుగైదు నిమిషాలు రెండోవైపు ఉడికించాలి. తొందరగా ఉడుకుతుందని మూత పెట్టారో, కరకర పోయినట్టే. రెండో విడతకి ముందు నూనె మార్చండి, రాలిన పలుకులు అందులో మాడి తర్వాతి ముక్కలకి చేదు అంటిస్తాయి. ఎయిర్ ఫ్రయర్‌లో 180 డిగ్రీలు, ఎనిమిది నుంచి పది నిమిషాలు. అందులో గాలి జోరుకి వదులుగా ఉన్న పలుకులు ఎగిరి పైన తీగకి తగిలి పొగ వస్తుంది, అందుకని అదిమిన తర్వాత ఒకసారి పైనుంచి నూనె స్ప్రే చేయండి.

భోజనానికి పిలిచినవాళ్లకి పల్లీలు, జీడిపప్పు పడతాయో లేదో ముందే అడగండి. పూతలో ఏముందో చూసి కనిపెట్టలేరు, కొందరికి కొంచెం తగిలినా ప్రమాదమే.

పక్కన పెట్టుకోవడానికి ఉల్లి, కీరా పెరుగు పచ్చడి సరిపోతుంది, లేదా పలచటి చారుతో అన్నం. గ్రేవీ ఏదైనా సరే ముక్క మీద పోయకండి, పక్కనే వడ్డించండి. పళ్లెంలో మిగిలిపోయిన గింజల పొడి పచ్చి చేప తగిలింది కాబట్టి పారేయాల్సిందే, అందుకే పూసేటప్పుడు కొంచెం కొంచెంగా తీసుకోవడం నయం. ముట్టుకోని పొడి ఫ్రీజర్‌లో నెలరోజులు ఉంటుంది. వండిన ముక్కలు మిగిలితే మర్నాటికల్లా తినేయండి. 160 డిగ్రీల ఓవెన్‌లో ఎనిమిది నిమిషాలు పెడితే పూత మళ్లీ కొంత గట్టిపడుతుంది, మైక్రోవేవ్‌లో పెడితే పడదు.