రెండో అంతస్తులో రబ్బరు చెట్టు

బదిలీ మీద కాకినాడ వచ్చిన మొదటి రోజు నాకు చూపించిన కుర్చీ రికార్డు గది పక్కన ఉంది. దానికి రెండడుగుల దూరంలో, జిరాక్సు మెషీనుకూ గోడకూ మధ్య ఇరుక్కుని ఒక రబ్బరు చెట్టు నిలబడి ఉంది. దాన్ని మొక్క అనడానికి వీల్లేదు. 9 అడుగుల ఎత్తున ఉన్న సీలింగును తాకి, ఆపైన దారి లేక, కొస కిటికీ వైపు వంగిపోయింది. కింద నుంచి మనిషి ఎత్తు వరకు ఒక్క ఆకు లేదు. రాలిన ఆకుల మచ్చలు మాత్రం కాండం మీద వరుసగా కనిపిస్తున్నాయి. పైన మిగిలినవి లెక్కపెట్టాను. 31 ఆకులు. వాటి మీద దుమ్ము ఎంత మందంగా ఉందంటే వేలితో గీస్తే గాని ఆకుపచ్చ రంగు బయటపడలేదు.

మా అటెండరు దాని చరిత్ర చెప్పాడు. "పదకొండేళ్ల కిందట కడియపులంక నుంచి నేనే తెచ్చానండీ. అప్పుడు మోకాలి ఎత్తు ఉండేది. తూర్పు కిటికీ దగ్గర పెట్టాం, చక్కగా పెరిగింది. తరవాత కౌంటర్లు కట్టినప్పుడు అడ్డమని ఇటు జరిపారు."

నాకు మొదట అర్థమైన సంగతి ఒకటే. ఆ చెట్టును ఎవరూ ద్వేషించలేదు, మరిచిపోనూ లేదు. అందరికీ దాని మీద జాలి. సాయంత్రం ఇంటికి వెళ్లేవాళ్లు సీసాలో మిగిలిన నీళ్లు దానికి పోసేవారు. ఒకరు పోశారని ఇంకొకరికి తెలియదు. చల్లారిన టీ కూడా అందులోకే పోయేది. ఆకులు మెరవాలని ఎవరో పండగలకు కొబ్బరినూనె రాసేవారట, ఆ జిడ్డుకే దుమ్మంతా పట్టుకుంది. ఆకు పసుపు రంగుకు తిరిగి రాలితే ఎండిపోతోందనుకుని మరో చెంబెడు పోసేవారు. అసలు అది రాలుతున్నదే నీళ్లు ఎక్కువై. వెలుతురు తక్కువైన చోట చెట్టు తాగేదీ తక్కువే. తాగని నీళ్లు కుండీలో నిలిచిపోతే వేళ్లకు గాలి అందదు, అవి కుళ్లుతాయి. ఇన్నేళ్లుగా ఎండకు దూరమైన చెట్టుకు అందరం కలిసి నీళ్లతో పరిహారం చెల్లిస్తున్నాం.

తనిఖీ దగ్గరపడుతోందని, దాన్ని తీసేయించి ప్లాస్టిక్ మొక్క పెడదామని మా అధికారి అన్నారు. సెప్టెంబరు దాకా గడువు అడిగాను. ఆయన రెండు షరతులు పెట్టారు: నేల పాడు కాకూడదు, దోమలు రాకూడదు. రెండోది న్యాయమైన మాట. కుండీ కింది పళ్లెంలో ఎప్పుడూ నీళ్లు నిలిచే ఉండేవి. ఆ రోజే పళ్లెం తీసి పారబోశాను. "దయచేసి నీళ్లు పోయవద్దు, అడిగి పోయండి" అని కాగితం మీద రాసి కాండానికి కట్టాను.

మార్చిలో ఇద్దరి సాయంతో చెట్టును మళ్లీ తూర్పు కిటికీ దగ్గరికి జరిపాను. అక్కడ నేను ఒక తప్పు చేశాను. ఏళ్ల తరబడి నీడలో ఉన్న ఆకులను ఒక్కసారిగా పొద్దుటి ఎండలో, అద్దానికి ఆనించి పెట్టాను. వారం తిరక్కుండా ఐదు ఆకుల మీద గోధుమ రంగు మచ్చలు పడ్డాయి. కాలిన చోటు మళ్లీ పచ్చబడదు. ఆ ఐదూ రాలిపోయాయి. 31లో ఐదు పోవడం అంటే చిన్న నష్టం కాదు, రెండు రోజులు నాకు పని మీద మనసు నిలవలేదు. తరవాత చెట్టును నాలుగడుగులు వెనక్కి జరిపి, కిటికీకి పలచటి తెల్ల పరదా కట్టి, వారానికి ఒక అడుగు చొప్పున ముందుకు తెచ్చాను. ఏసీ గాలి నేరుగా తగలకుండా దాని రెక్కలను పక్కకు తిప్పించాను.

ఆకులు తుడుస్తున్నప్పుడు రెండో సమస్య బయటపడింది. తొడిమెల సందుల్లో తెల్లటి దూది ముద్దల్లాగా పిండినల్లి అనే పురుగు. అది వదిలే తియ్యటి జిగురు కోసం చీమలు కాండం మీద బారులు తీరుతున్నాయి. ఆ జిగురు పడిన ఆకుల మీద నల్లటి మసి పట్టింది. దూదిని స్పిరిట్లో ముంచి ఒక్కొక్క ముద్దనూ తుడిచేశాను. ఆ తరవాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీటిలో కలవడానికి కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి, ఆకుల అడుగున తడిసేలా పిచికారీ చేశాను. ఆ వాసన ఆఫీసులో ఉంటే అందరికీ ఇబ్బంది కాబట్టి శనివారం సాయంత్రాలే ఎంచుకున్నాను. ఒక్కసారితో పోదు, గుడ్లు మళ్లీ పొదుగుతాయి. వారానికి ఒకసారి చొప్పున నాలుగు వారాలు కొట్టాక చీమలు రావడం మానేశాయి. పిండినల్లి పోయిందనడానికి నాకు అదే గుర్తు.

కుండీ మార్చడానికి వానలు మొదలయ్యే దాకా ఆగాను. మే నెలలో వేళ్లు కదిపితే తట్టుకోలేదని కడియం వైపు నర్సరీలో ఒక పెద్దాయన చెప్పారు. జూన్ మూడో వారంలో గోనె సంచులు పరిచి, నలుగురం కలిసి చెట్టును పక్కకు పడుకోబెట్టాం. మట్టి గడ్డ కుండీలోంచి కదల్లేదు. పొడవాటి కత్తిని అంచు వెంట చుట్టూ దించితే అప్పుడు ఊడింది. లోపల మట్టి కన్నా వేళ్లే ఎక్కువ. కుండీ ఆకారంలోనే చాపలా అల్లుకుపోయాయి. ఒక లావాటి వేరు అడుగున ఉన్న రంధ్రంలోకి దూరి బిరడాలా మూసేసింది, నీళ్లు నిలిచింది అందుకే. పైమట్టిలో టీ పొడి, గుండుసూదులు, పేపర్ కప్పుల ముక్కలు, తెల్లటి ఉప్పు పొర.

ఆ వేళ్లను చూస్తుంటే నాకు మేఘాలయ గుర్తొచ్చింది. ఖాసీ, జైంతియా కొండల్లో ఈ చెట్టు వేళ్లనే వాగుల మీదుగా అవతలి గట్టుకు పాకించి బతికున్న వంతెనలుగా పెంచుతారు. ఒక తరం మొదలుపెట్టిన వంతెన మీద తరవాతి తరాలు నడుస్తాయి. ఈ చెట్టుది ఆ ఈశాన్యపు అడవులే. మనకు టైర్ల రబ్బరు ఇచ్చే చెట్టు వేరు, అది బ్రెజిల్ నుంచి వచ్చింది. ఇది మర్రి, రావి, మేడి జాతి. దీనికి ఫైకస్ ఎలాస్టికా అని పేరు పెట్టిన విలియం రాక్స్‌బర్గ్ మాకు 15 కిలోమీటర్ల దూరంలోని సామర్లకోటలో 1780లలో ఈస్టిండియా కంపెనీ తోట నడిపినవాడు. 1793లో కలకత్తాలోని వృక్షశాస్త్ర తోటకు వెళ్లాడు. ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ వైపు నుంచి తేనె నింపి పంపిన బుట్ట లోపల కారిపోకుండా పూసిన పూత ఏమిటని ఆరా తీస్తే, అది ఈ చెట్టు పాలని ఆయనకు తెలిసింది. అంతటి చెట్టు వేళ్లు మా దగ్గర 12 అంగుళాల సిమెంటు కుండీలో చుట్టలు చుట్టుకుని ఉన్నాయి.

నల్లగా, మెత్తగా, వాసన వేస్తున్న వేళ్లన్నీ కోసేశాను. చుట్టుకున్న వాటిని నాలుగు వైపులా నిలువుగా కోసి విడదీశాను. గట్టిగా ఉన్న వేళ్ల జోలికి పోలేదు. కొత్త కుండీ 15 అంగుళాలదే తెచ్చాను. ఇంకా పెద్దది కొందామని అందరూ అన్నారు గాని, వేళ్లు చేరని మట్టిలో నీళ్లు నిలిచి మళ్లీ మొదటికే వస్తుంది. ఎర్రమట్టి రెండు పాళ్లు, కడిగిన కొబ్బరి పొట్టు ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు కలిపాను. ఒకసారి నిండుగా తడిపి, ఆ తరవాత చీపురు పుల్లతో చూడటం మొదలుపెట్టాను. పుల్లను మట్టిలోకి వేలెడు లోతు దించి తీస్తే, దానికి తడి మట్టి అంటుకుంటే నీళ్లు వద్దు, పొడిగా వస్తే పోయాలి. వానాకాలంలో 9 రోజులకు ఒకసారి చాలింది. రోజూ పోసిన చెట్టు అది! కొత్త వేళ్లు కాలతాయని ఆరు వారాల దాకా ఎరువు వేయలేదు.

ఇక మిగిలింది ఎత్తు. సీలింగుకు తగులుతున్న తలను నరికేయాలనే అనుకున్నాను. నర్సరీ పెద్దాయన ఒప్పుకోలేదు. "నరికి పారేయడం ఎందుకమ్మా? అంటు కట్టండి. కింద చెట్టు, పైన చెట్టు, రెండూ దక్కుతాయి" అన్నారు. ఎలా కట్టాలో తన చేత్తో ఒక కొమ్మ మీద చేసి చూపించారు.

జూలై మొదటి ఆదివారం నిచ్చెన వేసుకుని ఎక్కాను. చేతికి తొడుగులు, కింద ప్లాస్టిక్ పట్టా. ఈ పాలు చర్మానికి తగిలితే దురద పుడుతుంది, నేల మీద పడితే మరక పోదు. నేలకు ఐదున్నర అడుగుల ఎత్తున, కణుపుకు కాస్త కింద, అంగుళం వెడల్పున బెరడును ఉంగరంలా తీసేశాను. కారిన పాలను తడిబట్టతో ఒత్తి ఆపాను. బెరడు కింద జారుడుగా ఉండే పచ్చటి పొరను కూడా గీకేయాలి. అది మిగిలితే బెరడు మళ్లీ అతుక్కుంటుంది, వేళ్లు పుట్టవు. వేళ్లు తెప్పించే పొడి రాసి, నానబెట్టి పిండిన నాచును గుప్పెడు చుట్టూ పెట్టి, పారదర్శకమైన పాలిథిన్‌తో చుట్టి, పైనా కిందా బిగించి కట్టాను. వెలుతురు తగలకుండా దాని మీద నల్ల కాగితం. వారానికోసారి ఆ కాగితం విప్పి చూడటం మా అందరికీ అలవాటైపోయింది. ఐదో వారంలో పాలిథిన్ లోపల తెల్లటి దారాల్లాంటి వేళ్లు కనిపించినప్పుడు స్వీపరు అక్క అందరినీ పిలుచుకొచ్చింది. అధికారి కూడా వచ్చి చూశారు. ప్లాస్టిక్ మొక్క మాట ఆ తరవాత రాలేదు.

సెప్టెంబరు మొదట్లో, వేళ్లు ముద్ద నిండా అల్లుకున్నాక, దాని కింద రంపంతో కోశాను. పెద్ద చెట్టుకు ఒక్క ఆకు కూడా మిగలలేదు. ఐదడుగుల మోడు. దాన్ని చూడలేక ఆ రోజు త్వరగా ఇంటికి వెళ్లిపోయాను. కాండం మీద మూడు చోట్ల, పాత ఆకు మచ్చలకు కాస్త పైన, చిన్న గాట్లు కూడా పెట్టాను. పైనుంచి కిందికి దిగి మొగ్గలను అణచి ఉంచే హార్మోను అక్కడ తెగిపోతే నిద్రపోతున్న మొగ్గ లేస్తుందని చదివాను. ఆకులు లేనందువల్ల నీళ్లు ఇంకా తగ్గించాను. చీపురు పుల్ల చెప్పినప్పుడే పోశాను.

ఇరవై ఆరో రోజున కోసిన చోటుకు రెండంగుళాల కింద ఎర్రటి మొన కనిపించింది. రబ్బరు చెట్టు కొత్త ఆకు ఎర్రటి తొడుగులో చుట్టుకుని వస్తుంది, ఆకు విచ్చుకున్నాక ఆ తొడుగు ఎండి రాలుతుంది. ఆ తరవాత పైన మూడు కొమ్మలు వచ్చాయి. గాట్లలో ఒకటే ఫలించింది, మిగతా రెండూ మూసుకుపోయాయి. ఇప్పుడు జనవరి. నాలుగు కొమ్మల మీద 22 ఆకులున్నాయి. పాతవాటి కన్నా చిన్నవి, కానీ కణుపులు దగ్గర దగ్గరగా ఉన్నాయి, అంటే వెలుతురు సరిపోతోందన్నమాట. కాండానికి కట్టిన కాగితం ఇంకా అలాగే ఉంది. వారానికోసారి కుండీని పావు వంతు తిప్పుతున్నాం, మళ్లీ ఒకే వైపు వంగకుండా.

పైభాగాన్ని కుండీలో నాటి మూడు నెలలు నీడలో పెంచాం. దాన్ని అడిగి తీసుకున్నది అటెండరు. ఆయన ఊరు సామర్లకోట అవతల, పొలం కాలువ పక్కనే. ఇంటి గోడకు దగ్గరగా మాత్రం వద్దని, మర్రి జాతి కాబట్టి వేళ్లు పునాదిలోకి పోతాయని చెప్పాను. "తెలుసండీ, కాలువ గట్టు మీద వేస్తాను, అక్కడ దానికి అడ్డమొచ్చేది ఏమీ లేదు" అన్నాడు. సంక్రాంతి ముందు శనివారం సాయంత్రం ఆయన కొడుకు మోటారు సైకిలు తెచ్చాడు. గాలికి చిరగకుండా ఆకులను ఒక్కొక్కటిగా చుట్టి దారంతో కట్టాను. ఆయన వెనక కూర్చుని కుండీని ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని, "మెల్లగా పోనివ్వరా" అన్నాడు.