ఛాన్సరీ లేన్ నేలమాళిగలో రెండక్షరాలు

పాత ఇంగ్లీషు వెండి సామాను మీద మక్కువ ఉన్నవారికి లండన్‌లో మొదటి మజిలీ ఛాన్సరీ లేన్ స్టేషన్ దగ్గర నేల కింద ఉంది. లండన్ సిల్వర్ వాల్ట్స్ అంటారు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో సంపన్నులు ఇంటి వెండిని, దస్తావేజులను దాచుకునేందుకు అద్దెకిచ్చిన భద్రపు గదులవి. పోనుపోను వెండి వర్తకులే వాటిని తీసుకుని దుకాణాలుగా మార్చుకున్నారు. రెండో ప్రపంచయుద్ధంలో పైనున్న భవనం బాంబులకు దెబ్బతిన్నా కింది గదులు చెక్కుచెదరలేదు. మెట్లు దిగితే పొడవాటి నడవా, దానికి రెండు వైపులా మందపాటి ఉక్కు తలుపులు, ఒక్కో తలుపు వెనక ఒక దుకాణం. దీపాల వెలుగులో పళ్లేలు, కొవ్వొత్తి స్తంభాలు, టీ కూజాలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి.

వెండి వస్తువుల మీద పేరులోని అక్షరాలతో కొట్టే పనివాడి ముద్రలు చదవడం నేర్చుకోవాలని నాకు చాలాకాలంగా కోరిక. చదవవలసినదంతా ఇంట్లోనే చదివాను. కానీ రెండు వందల ఏళ్లు తోమగా తోమగా అరిగిన ముద్ర ఎలా ఉంటుందో ఫొటోలు చెప్పవు. చేతిలోకి తీసుకుని వెలుగుకు వాల్చి చూడాలి.

నేను ఎక్కువసేపు కూర్చున్న దుకాణం ఒక పెద్దాయనది. ఏమీ కొనకపోయినా విసుక్కోలేదు. నా చేతికి ఒక పెద్ద చెంచా, ఒక భూతద్దం ఇచ్చి, "చేసినవారి పేరు చివర చూద్దురుగాని, ముందు సింహం ఉందో లేదో చూడండి" అన్నారు. నేను ఈ ప్రయాణంలో నేర్చుకున్న వాటిలో అన్నిటికన్నా పనికొచ్చిన మాట అదే. కొత్తగా చూసేవాళ్లందరి కళ్లూ అక్షరాల మీదికే పోతాయి. అక్షరాలతో మొదలుపెడితే ఎటూ తేలదు, ఎందుకంటే ఒకే రెండక్షరాలు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు ఊళ్లలో ఎంతోమంది వాడుకున్నారు.

కాడ వెనక వరుసగా ఐదు గుర్తులు. నడుస్తున్న సింహం అంటే స్టెర్లింగ్ అన్నమాట, వెయ్యి పాళ్లలో 925 పాళ్లు మేలిమి వెండి. ఈ గుర్తు 1544 నుంచి ఉంది. కిరీటం పెట్టుకున్న చిరుతపులి తల లండన్ గుర్తు. 1821 తర్వాత పులికి కిరీటం తీసేశారు, అప్పటిదాకా మన వైపు ముఖం తిప్పి చూసిన సింహం కూడా నేరుగా ముందుకు చూడడం మొదలుపెట్టింది. అంటే మన చెంచా అంతకు ముందుది. ఇంకొకటి రాజు తల. వెండి మీద సుంకం చెల్లించినట్టు రుజువుగా 1784 డిసెంబరు నుంచి 1890 దాకా ఈ తలను కొట్టారు. మొదటి ఏడాదిన్నర తల లోపలికి చెక్కినట్టు పల్లంగా ఉండి ఎడమకు చూస్తుంది, 1786 నుంచి ఉబ్బెత్తుగా మారి కుడికి తిరుగుతుంది. ఈ చెంచా మీద ఉన్నది ఉబ్బెత్తు తల. ఇక సంవత్సరం చెప్పే అక్షరం, చిన్న బడి 'ఎమ్'. లండన్ వాళ్లు 'ఎ' నుంచి 'యు' వరకు, మధ్యలో 'జె' వదిలేసి, ఇరవై అక్షరాలు వాడి మళ్లీ మొదటికి వచ్చేవారు. చుట్టు మారినప్పుడల్లా అక్షరం రూపమో, దాని చుట్టూ ఉన్న డాలు ఆకారమో మార్చేవారు. అక్షరం మే నెలాఖరులో మారేది. కాబట్టి ఈ 'ఎమ్' 1787 మే నుంచి 1788 మే వరకు.

ఊరు తెలిసింది, ఏడాది తెలిసింది. అప్పుడు ఆయన, "ఇక చూడండి" అన్నారు. కలిపిరాతలో 'హెచ్ బి'. హెస్టర్ బేట్‌మన్!

ఆమె 1708లో జ్ఞానస్నానం పొందినట్టు నమోదై ఉంది. భర్త జాన్ గొలుసులు చేసే పనివాడు. 1760లో చనిపోతూ తన పనిముట్లు భార్యకే చెందాలని వీలునామా రాశాడు. మరుసటి ఏడాది, యాభై దాటిన వయసులో, ఆమె లండన్‌లో వెండిని పరీక్షించి ముద్రలు వేసే గోల్డ్‌స్మిత్స్ హాల్‌కు వెళ్లి తన ముద్ర నమోదు చేయించుకుంది. రాయడం రాని మనిషి. అయినా ఆ రెండక్షరాలు ఈనాడు ఇంగ్లీషు వెండిలో అందరూ ముందు గుర్తుపట్టే ముద్రల్లో ఒకటి.

అయితే ఆ చెంచాను ఆమె స్వయంగా సుత్తితో కొట్టి చేసిందని అర్థం కాదు. పనివాడి ముద్ర అంటే ఈ వస్తువుకు బాధ్యత నాది అని పూచీ పడడం. కార్ఖానాలో ఎన్ని చేతులు పనిచేసినా హాల్‌కు పంపే వస్తువు మీద యజమాని ముద్రే పడుతుంది. ఆ రోజుల్లో అక్కడ వెండిని కాస్త గీకి తీసి, సీసంతో కలిపి ఎముకల బూడిద మూసలో పుటం పెట్టేవారు. కల్తీ లోహాలన్నీ సీసంతో పాటు మూసలోకి ఇంకిపోయి శుద్ధ వెండి పూస మిగిలేది. దాన్ని తూచి చూసేవారు. నెగ్గితే మిగతా గుర్తులు కొట్టేవారు, తగ్గితే వస్తువును విరగ్గొట్టి వెనక్కి పంపేవారు. ప్రతి పనివాడికీ సొంత ముద్ర ఉండాలన్న శాసనం 1363 నాటిది. పూచీ పడినవాడు ఎవరో తెలియాలన్నదే దాని ఉద్దేశం.

మోసాలూ తక్కువ కాదు. 1720 నుంచి 1758 దాకా ఔన్సుకు ఆరు పెన్నీల సుంకం ఉండేది. దాన్ని ఎగ్గొట్టడానికి కొందరు ఓ చిన్న వస్తువుకు ముద్రలు వేయించి, ఆ ముక్కను కోసి పెద్ద కూజా అడుగున అతికించేవారు. పెద్దాయన అలాంటి కూజా ఒకటి తీసి, అడుగు మీద గట్టిగా నోటి ఆవిరి ఊదారు. మంచు పట్టినట్టు మసకబారిన వెండి మీద ముద్రల చుట్టూ సన్నని టంకం గీత గుండ్రంగా తేలి, రెండు క్షణాల్లో మాయమైపోయింది. కళ్లతో చూడకపోతే నమ్మేవాణ్ణి కాదు. 1758 నుంచి దొంగ ముద్రలకు మరణశిక్ష విధించారు, 1773లో దాన్ని పద్నాలుగేళ్ల ద్వీపాంతరవాసంగా మార్చారు.

అదే అరలో ఒక గిన్నె, చుట్టూ మన దేవతామూర్తులు ఉబ్బెత్తుగా చెక్కి ఉన్నాయి. తిప్పి చూస్తే పి. ఓర్ అండ్ సన్స్, మద్రాసు. దక్షిణాది పనివాళ్లు చేసిన ఈ 'స్వామి' పనితనం 1875-76లో వేల్స్ యువరాజు భారతదేశ పర్యటన తర్వాత ఇంగ్లండులో బాగా ప్రచారంలోకి వచ్చింది. దాని మీద సింహం లేదు, సంవత్సరాక్షరం లేదు, కంపెనీ పేరు మాత్రం పూర్తిగా ఉంది. అసలు చెక్కిన కంసాలి ఎవరో చెప్పే అక్షరం ఒక్కటి కూడా లేదు. నాకు మనసు చివుక్కుమంది.

మర్నాడు బన్‌హిల్ రోకు వెళ్లాను. బేట్‌మన్ కుటుంబం పనిచేసిన వీధి అది. ఆ కార్ఖానా ఆనవాలేదీ నాకు కనిపించలేదు. ఆ ఇంటి చరిత్ర వీధిలో కన్నా ముద్రల్లోనే భద్రంగా ఉంది. 1790లో హెస్టర్ పని మానుకోగానే కొడుకులు పీటర్, జోనథన్ కలిసి 'పి బి' కింద 'ఐ బి' అని కొత్త ముద్ర నమోదు చేశారు. జోనథన్‌కు 'ఐ' ఏమిటని ఆశ్చర్యపోకండి, ఆ రోజుల్లో ముద్రల మీద 'జె' బదులు 'ఐ' కొట్టేవారు. కొద్ది నెలలకే, 1791లో జోనథన్ చనిపోయాడు. వెంటనే 'పి బి' కింద 'ఎ బి' వచ్చింది. ఆ 'ఎ' జోనథన్ భార్య ఆన్. 1800లో ఆమె కొడుకు విలియమ్ చేరి ముద్ర మూడు వరుసలైంది. ఒక తల్లి విశ్రాంతి, ఒక కొడుకు మరణం, ఒక కోడలి పూనిక, ఒక మనవడి ప్రవేశం, అన్నీ చెంచాల వెనక ఉన్నాయి. 'పి బి, ఐ బి' ముద్ర ఉన్న సామాను అరుదుగా దొరకడానికి కారణం కూడా ఆ మరణమే.

విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోని వెండి గదులు ఉచితం, విశాలం, ఒక పూట చాలదు. అక్కడ నేను వెతికింది పాల్ డి లామరీ అనే వెండి పనివాణ్ణి. మతహింసకు తాళలేక వలస వచ్చిన ఫ్రెంచి ప్రొటెస్టెంటుల బిడ్డ. 1713లో ఆయన నమోదు చేసిన ముద్రలో 'ఎల్ ఎ' ఉంటుంది. 1697 నుంచి 1720 దాకా అందరూ స్టెర్లింగ్ కన్నా మేలైన, వెయ్యికి 958 పాళ్ల వెండితోనే పని చేయాలని చట్టం. ఆ కాలంలో పనివాడి ముద్రకు ఇంటిపేరులోని మొదటి రెండక్షరాలు తీసుకునేవారు. ఆయన 1733లో గాని 'పి ఎల్' ముద్ర నమోదు చేయలేదు. ఈ సంగతి తెలియనివారు ఒకే మనిషిని ఇద్దరనుకుంటారు.

యూస్టన్ స్టేషన్‌లో రైలెక్కితే గంటన్నరలో బర్మింగ్‌హామ్. అక్కడి జ్యుయెలరీ క్వార్టర్ వీధుల్లో ఈనాటికీ సుత్తి చప్పుడు వినిపిస్తుంది. స్మిత్ అండ్ పెప్పర్ అనే నగల కార్ఖానాను 1981లో మూసేసినప్పుడు ఎక్కడి పనిముట్లు అక్కడే వదిలేశారు, ఇప్పుడది మ్యూజియం. ఈ ఊరికి సొంత ముద్ర తెచ్చిపెట్టినవాడు మాథ్యూ బౌల్టన్ అనే ఇక్కడి కార్ఖానాదారు. అంతకు ముందు తన వెండిని పరీక్షకు చెస్టర్ దాకా పంపవలసి వచ్చేది, దారిలో సామాను దెబ్బతినేది. లండన్ కంసాలులు ఎంత అడ్డుపడినా పార్లమెంటును ఒప్పించి 1773లో బర్మింగ్‌హామ్‌కూ, షెఫీల్డ్‌కూ పరీక్షాలయాలు సాధించారు. సముద్రానికి ఇంత దూరాన ఉన్న బర్మింగ్‌హామ్‌కు లంగరు, షెఫీల్డ్‌కు కిరీటం గుర్తులయ్యాయి. లండన్ స్ట్రాండ్‌లో ఈ ప్రయత్నాలు సాగిన 'క్రౌన్ అండ్ యాంకర్' అనే సత్రం పేరు నుంచే ఇవి వచ్చాయని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

ఊరి గుర్తు చూడనిదే సంవత్సరాక్షరం ఎందుకు పనికిరాదో బర్మింగ్‌హామ్ బాగా నేర్పింది. చిన్న బడి 'ఎ' పక్కన చిరుతపులి ఉంటే 1776 గానీ 1816 గానీ కావచ్చు, లంగరు ఉంటే 1798 కావచ్చు. ఒక దుకాణంలో నథానియల్ మిల్స్ చేసిన అత్తరు డబ్బీ చూశాను. అగ్గిపెట్టెలో సగం ఉంది. మూత మీద కోట బొమ్మ, లోపల బంగారు పూత, అత్తరు స్పాంజి కదలకుండా లతలు తొలిచిన జల్లెడ, మూత లోపలి అంచున 'ఎన్ ఎమ్', లంగరు, సింహం. ధర విని భద్రంగా తిరిగి ఇచ్చేశాను.

నేను కొన్నది శనివారం పోర్టోబెల్లో రోడ్డు సంతలో. అక్కడ జాగ్రత్త అవసరం. వెండి పూత సామాను మీద నాలుగు ఇంగ్లీషు అక్షరాలను, ఇ పి ఎన్ ఎస్, వేర్వేరు డాళ్లలో కొట్టి అసలు ముద్రల్లా కనిపించేలా చేస్తారు. సింహం లేదంటే పక్కన పెట్టేయవచ్చు. ఒక పెట్టె అడుగున మూడు కాళ్ల చిన్న పాల కూజా దొరికింది. సింహం ఉంది, కిరీటం ఉన్న పులి ఉంది, పాతకాలపు గోథిక్ రాతలో 'ఎల్' ఉంది, రాజు తల లేదు. అంటే 1766. పనివాడి ముద్రలో మొదటి అక్షరం 'ఐ', రెండోది అరిగినా 'ఎస్' అని పోల్చుకోవచ్చు.

ఇంతవరకు తెలిసినా పేరు చెప్పలేం. గోల్డ్‌స్మిత్స్ హాల్ నమోదు పుస్తకాల్లో పెద్ద సామాను చేసేవారిది, 1750ల చివరి నుంచి 1773 వరకు నడిచిన సంపుటం, పోయింది. ఆ కాలపు ముద్రలకు పేర్లు పెట్టడమంటే 1773లో పార్లమెంటు కమిటీకి సమర్పించిన కంసాలుల జాబితాతో సరిపోల్చి ఊహించడమే. 'ఐ' అక్షరానికి జాన్, జేమ్స్, జోసెఫ్, జోనథన్, ఐజక్ అందరూ వస్తారు. అయినా ఆ కూజానే తీసుకున్నాను. జాబితాలో 'ఎస్' ఇంటిపేర్లన్నీ విడిగా రాసుకోవడం మొదలుపెట్టాను. 1773 తర్వాతి పుస్తకంలో అదే అక్షరాలతో మళ్లీ నమోదైనవారిని పక్కన పెట్టుకుని, రెండక్షరాల మధ్య చుక్క ఉందా, డాలు మూలలు గుండ్రమా అని ఒక్కొక్కటిగా పోల్చి చూస్తున్నాను.